ఎడమకు ఒరిగిన బండి

గ్రైండరు ఆపి, కళ్ళద్దాల మీది దుమ్ము మోచేత్తో తుడుచుకుని, హోల్గెర్ మళ్ళీ గాలి పీల్చి చూశాడు. చేపలే. ఉప్పులో ఊరిన హెర్రింగు చేపలు. బండ్ల కింద పనిచేయడానికి తవ్విన గుంతలో నిలబడి ఉన్నాడు. తల మీద దుయెట్ అనే పాత సరుకుల వ్యాను కడుపు. ఉక్కు కాస్త వేడెక్కితే చాలు, ఛాసీ దూలంలో ఎక్కడో పేరుకుపోయిన ఉప్పునీటి మడ్డి కాగి ఆ వాసన కిందికి దిగుతుంది. వసంతంలో బండిని గుంత మీదికి తోసిన రోజు నుంచీ ఇదే వరస. దూలాల లోపల నీళ్ళు కొట్టి కడిగాడు, ఆవిరి పట్టించాడు, ఎండలో పెట్టాడు. లాభం లేకపోయింది. అన్న ఆర్విద్ పోయి రెండు చలికాలాలు దాటాయి, ఆయన వాసన మాత్రం షెడ్డు వదలనంటోంది.

ఆర్విద్ చేపల వర్తకుడు. యేవ్లె రేవు నుంచి వచ్చే పెట్టెలు ఈ బండిలోనే వేసుకుని అడవి దారుల వెంట ఊరూరా తిరిగి అమ్మేవాడు. పెద్ద మనిషి, కూర్చుంటే సీటు కనపడేది కాదు. పెట్టెల్లోంచి కారిన నీళ్ళు ఏళ్ళ తరబడి కిందికి దిగి ఇనుమును తిన్నాయి. అలా తినగా మిగిలిన ఇనుమును ఇప్పుడు హోల్గెర్ బాగు చేస్తున్నాడు.

వాసన ఒక్కటైతే సర్దుకునేవాడు. బండి ఎడమకు ఒరిగి ఉంటుంది. స్ప్రింగులు కొత్తవి వేసినా ఒరుగు పోలేదు. ఖాళీ బండి, స్టీరింగు ముందు ఎవరూ లేరు, అయినా బరువైన మనిషెవరో కూర్చున్నట్టే అటు పక్క దిగి ఉంటుంది. పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే హోల్గెర్ చూపు ముందు ఆ ఎడమ కిటికీ మీదికే పోతుంది. వెంటనే తిప్పేసుకుంటాడు. లోపలికి చూడటం ఎప్పుడో మానేశాడు. లోపలి నుంచి ఎవరైనా పలకరిస్తారేమోనని భయం. నిజం చెప్పాలంటే, ఎవరూ పలకరించరేమోనని కూడా భయమే.

డెబ్బై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, గుంతల్లో వంగి వంగి మెడ ముందుకు వచ్చేసి ఉంటాడు. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు, ఎడమ బొటనవేలికి గోరు లేదు. పనిచేసినంత కాలం బోల్నెస్ పట్టణంలో బస్సుల డిపోలో వెల్డింగే చేశాడు. ఆ పని మానాక ఇంటి పక్కనున్న ఈ పాత షెడ్డులోనే ఊళ్ళోవాళ్ళ పాత కార్లకు అతుకులు వేస్తున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. గురువారం అన్న ఇంట్లో భోజనం, మిగతా రోజులు సొంత వంట. అతని గురించి ఊళ్ళో ఎవరినడిగినా ఇంతకు మించి చెప్పరు.

ఈ బండికి పని పెట్టింది వదిన గున్వోర్. ఇల్లు అమ్మేసి, పడమటి తీరాన లీసెషీల్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. తన మగ్గం ట్రైలర్ మీద వేసుకుని ఈ బండితోనే లాక్కెళతానంది. పాత ఇంజను ఆ బరువుతో కొండ ఎక్కలేదు. గుద్దుకుని పాడైపోయిన ఒక కొత్త కాలపు కారులోంచి హోల్గెర్ బలమైన ఇంజను తీసి, దీని ముందు భాగంలో కూర్చోబెట్టాడు. అంత బలం తిప్పితే ఈ ఛాసీ మెలిపడిపోతుంది. దూలానికి మూడు వైపులే ఉక్కు, ఒక వైపు తెరుచుకుని ఉంటుంది. ఆ తెరిచిన వైపు ఉక్కు పలకతో మూసి పెట్టెలాగా చేస్తే గానీ ఆగదు. కుడి దూలం అయిపోయింది. ఎడమది మిగిలింది. అది అతికితే పని పూర్తయినట్టు, పని పూర్తయితే గున్వోర్ వెళ్ళిపోయినట్టు. అందుకే వసంతంలో మొదలైన పని అడవిలో లింగన్ పళ్ళు కోతకొచ్చే శరత్కాలం దాకా సాగింది.

"ఏరా, ఇంకా దాని పొట్టలోనే ఉన్నావా? ఈ జన్మకి బయట పడతావా లేదా?"

సిక్స్టెన్. బస్సు నడిపి రిటైరైనవాడు, పక్కింటివాడు, రోజూ పది గంటల కాఫీకి పిలవకుండా వచ్చేవాడు. చెక్కచెప్పులు టకటకలాడిస్తూ స్టూలు తీసుకెళ్ళి బండికి కుడి పక్కన వేసుకున్నాడు.

"ఆ పక్క వెలుతురుంటుందిగా," అన్నాడు హోల్గెర్ గుంతలోంచి ఎక్కుతూ.

"ఆ పక్క మీ అన్నున్నాడు. నేనీ పక్కే కూర్చుంటాలే." ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకుని, జేబులోంచి రెండు దాల్చినచెక్క రొట్టెలు తీశాడు. "గున్వోర్ ట్రైలర్ నా ట్రాక్టరుతో లాక్కొచ్చి నీ గేటు ముందు పెట్టాను. చూశావా? మగ్గానికి తాళ్ళు కూడా కట్టేసింది. వసంతమన్నావు, ఎండాకాలం పండగన్నావు. ఇవాళైనా తేలుస్తావా?"

"పనిని పనిలాగా చెయ్యాలి కదా."

"పనా! బోల్టు విప్పుతావు, నూనె రాస్తావు, మళ్ళీ బిగిస్తావు. ఊరంతా నవ్వుతోందిరా."

"ఊరంటే నువ్వేగా."

"నేనే. నేను చాలనా?"

ఇద్దరూ రొట్టెలు తిన్నారు. బండిలో ఎక్కడో ఇనుము టిక్కుమంది. వేడెక్కిన ఉక్కు చల్లారుతున్న చప్పుడని ఇద్దరికీ తెలుసు. అయినా సిక్స్టెన్ కప్పు పట్టుకున్న చెయ్యి ఆగింది.

"నా మాట విను," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ ఎడమ పక్క పాత పలక అలాగే ఉంచి, దాని మీదే ఇంకోటి అతికెయ్. మధ్యాహ్నానికి అయిపోతుంది. ఒరుగు ఉంటే ఉందిలే. ఆర్విద్‌ని దింపడం దేనికి? దారిలో ఆవిడకి తోడుంటాడు."

హోల్గెర్ చేతులకంటిన రొట్టె పొడి దులుపుకున్నాడు. ఆ ఆలోచన అతనికీ వచ్చింది, ఒకసారి కాదు. పాత అతుకు పక్కనే వెంట్రుకంత పగులుంది. కొత్త ఇంజను, వెనక మగ్గం, ముందు కొండ. బలమంతా వచ్చి ఆ పగులు మీదే పడుతుంది. ఏ మలుపులోనో దూలం విరిగితే బండిలో ఉండేది గున్వోర్. కాబట్టి పాత పలక కోసెయ్యాలి. కోస్తే ఒరుగు పోతుంది. ఒరుగు పోతే అన్న ఇక ఎక్కడా ఉండడు. దీని దగ్గరే అతని చెయ్యి ఇన్నాళ్ళూ ఆగిపోయింది.

ఆ పాత పలక వేసిందీ హోల్గెరే. ఆర్విద్ పెళ్ళి కుదిరిన ఏడు అది. చేపలతో పాటు మంచు దిమ్మలు కూడా మొయ్యాలని ఆర్విద్ అప్పుడే ఒకసారి ఇంజను మార్పించాడు. పలకలు అతకడంలో హోల్గెర్‌కి ఒక పద్ధతుంది. బండి తన చక్రాల మీద నిలబడాలి, ఇంజను తన చోట ఉండాలి, సీట్లలో మనుషులు కూర్చోవాలి. రోజూ ఎలా మోస్తుందో అలా మోస్తుండగానే అతకాలి. అతుకు చల్లారేటప్పటికి ఏ వంపు ఉంటే ఆ వంపు ఇక బండిని వదలదు. డిపోలో అతని వెల్డింగు కోసం జనం సీట్లలో కూర్చుని సిగరెట్లు కాల్చుకునేవాళ్ళు. ఇంత పట్టింపున్న మనిషి ఆ రోజు ఆర్విద్ ఒక్కణ్ణే స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్క సీటు ఖాళీగా వదిలి, అతికేశాడు. బండి అన్న బరువుకు ఒరిగి, అలాగే ఉండిపోయింది.

ఆర్విద్ ఎప్పుడూ తప్పు పట్టలేదు. "దర్జీ కోటు కుట్టినట్టు మా తమ్ముడు నాకు కొలిచి కుట్టాడీ బండిని. ఇంకెవడికీ సరిపోదు," అని చేపలు తూచేటప్పుడల్లా చెప్పి నవ్వించేవాడు. ఎడమ తలుపు కాస్త పైకెత్తి వేస్తే గానీ పడేది కాదు. ఆ ఎత్తడం కూడా ఆయనకు అలవాటైపోయింది.

సిక్స్టెన్ వెళ్ళిపోయాక గున్వోర్ వచ్చింది. సైకిలు గోడకు ఆనించి, ముందు బుట్టలోంచి పసుపు రంగు ఎనామిల్ గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని తెచ్చింది. మూత కదలకుండా గుడ్డతో ముడేసి ఉంది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. తెల్లజుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. మగ్గం మీద కూర్చుని కూర్చుని భుజాలు వెడల్పయ్యాయి.

"గురువారం," అంది. "ఇంట్లో బల్ల కూడా లేదు, అమ్మేశాను. అందుకని ఇక్కడికే తెచ్చా. చెయ్యి కడుక్కో."

పనిబల్ల మీద ఉన్న సుత్తులు పక్కకు జరిపి బఠాణీ పులుసు వడ్డించింది, అంచున ఆవముద్ద పెట్టింది. హోల్గెర్ తలవంచుకుని తిన్నాడు. నలభై ఏళ్ళుగా తింటున్న రుచే.

"ఈ గిన్నె మా అమ్మది. పెట్టెల్లో వెయ్యకుండా దీన్నొక్కదాన్నే బయట ఉంచాను. నాతో పాటు ముందు సీట్లో వస్తుంది," అంటూ తను కూడా కాస్త పోసుకుంది. "ఇంతకీ మరిదిగారూ, నన్ను ఇవాళ పంపిస్తారా, క్రిస్మస్ దాకా ఉండమంటారా?"

"ఎడమ పలక దగ్గర ఆగాను."

"తెలుసు. ఎండాకాలమంతా అక్కడే ఆగావు."

"కోస్తే ఒరుగు పోతుంది, గున్వోర్."

"పోవాలనేగా చేయిస్తోంది?"

"అన్న..." అన్నాడు. గిన్నె వైపు చూశాడు, ఆమె చేతుల వైపు చూశాడు. "అది ఉన్నంతకాలం ఆయన ఉన్నట్టే ఉంటుంది. పొద్దున్నే వస్తానా, కూర్చునే ఉంటాడు."

గున్వోర్ నవ్వలేదు. చెంచా కింద పెట్టింది.

"నాకు మాత్రం లేదనుకున్నావా? ఆయన పోయాక ఒకసారి ఈ బండి నడిపాను. బజారు దాకా. పక్క సీట్లోంచి ఊపిరి వినిపిస్తున్నట్టుంది. సగం దారిలో ఆపి నడిచి ఇంటికొచ్చాను." గిన్నె మూత సర్దింది. "నలభై ఏళ్ళు ఆ బండిలో ఆయన మీదికి జారుతూనే కూర్చున్నా, హోల్గెర్. ప్రతి మలుపులో తలుపు పట్టుకుని ఎదురు బిగబట్టేదాన్ని. ప్రేమ లేక కాదు. మనిషన్నాక ఒక్కరోజైనా తిన్నగా కూర్చోవాలనుంటుంది కదా. కొయ్యి."

అతను లేచాడు. ఆమె వెనక నుంచి అంది: "ఆ పాత పలక వేసిన రోజు నేనిక్కడే తలుపు దగ్గర కాఫీ కూజాతో నిలబడి ఉన్నాను. నువ్వు ఆయన్ని ఎక్కించి కూర్చోబెట్టావు. పక్క సీట్లోకి నన్ను పిలుస్తావని చూశా. పిలవలేదు. ఎందుకని?"

"మర్చిపోయాను."

"నువ్వా? మర్చిపోయావా?"

హోల్గెర్ గుంతలోకి దిగిపోయాడు. చెప్పాల్సింది ఒక్క వాక్యమే. ఆ రోజు 'నువ్వు ఆ పక్క కూర్చో' అని కూడా ఒక్క వాక్యమే చెప్పాల్సింది. ఆమెను తన చేతులతో అన్న పక్కన కూర్చోబెట్టి, అలా కూర్చున్న ఇద్దరినీ ఉక్కుతో శాశ్వతం చెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. అంతే జరిగింది. ఆ ఒక్కరోజు ఓర్చుకోలేనందుకు నలభై ఏళ్ళు ఆమెను ఒరిగిన సీట్లో కూర్చోబెట్టాడు. ఇది ఎవరితోనూ అనలేదు, ఇవాళా అనడు.

పెట్రోలు ట్యాంకు ముందే విప్పి పెరట్లో పెట్టాడు. దూలం కింద జాకీ ఆనించి, గొలుసు బిగించాడు. నీళ్ళ బాల్చీ పక్కనే ఉందో లేదో చూసుకున్నాడు. గ్రైండరు పాత అతుకు మీద పెట్టాడు. రవ్వలు టోపీ మీద, మెడ మీద రాలాయి. వాసన ఇంతకు ముందెప్పుడూ లేనంతగా వచ్చింది, ఊపిరాడనంతగా. ఆర్విద్ ఈ గుంతలోకే దిగి, భుజం భుజం తగులుతూ నిలబడ్డాడనిపించింది. హోల్గెర్ ఆపలేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నా ఆపలేదు. చివరి అంగుళం దగ్గర పలక తనంతట తనే తెగింది. దూలం పెద్ద చప్పుడుతో ఒక్కసారి పైకి లేచింది, గొలుసు మోగింది.

ఎడమ స్ప్రింగు కిర్రుమంది. తర్వాత, ఎవరూ ముట్టుకోకుండా, ఎడమ తలుపు తెరుచుకుంది.

ఎన్నో ఏళ్ళుగా పైకెత్తితే గానీ కదలని తలుపు. ఇప్పుడు తాపీగా, చివరిదాకా తెరుచుకుని ఆగింది. వంపు పోయి గడియ జారిందంతే. హోల్గెర్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసినా గుంత అంచు మీద చెయ్యి వేసి, అన్న చెప్పులు నేల మీద పడతాయని ఎదురు చూశాడు. ఖాళీ సీటు, ఖాళీ నేల. షెడ్డు బయట నుంచి చల్లగాలి వచ్చి బల్ల మీది కాగితాలు కదిలాయి.

"వెళ్ళనీ," అంది గున్వోర్ మెల్లగా. ఎవరితో అందో హోల్గెర్ అడగలేదు.

అతను జాకీ తిప్పుతూ, నీటిమట్టం పెట్టి చూస్తూ, మళ్ళీ తిప్పుతూ బండిని తిన్నగా నిలబెట్టాడు. కొత్త పలక దూలానికి ఆనించి బిగించాడు. అప్పుడు పైకి వచ్చి అన్నాడు: "ఎక్కి కూర్చో. స్టీరింగు ముందు. నడిపేది నువ్వేగా."

ఆమె ఎక్కింది. హోల్గెర్ షెడ్డు వెనక నుంచి ఇసుక బస్తాలు ఒక్కొక్కటే మోసుకొచ్చి పక్క సీట్లో పేర్చాడు. చలికాలంలో దారి మీద చల్లే ఇసుక. నిన్న సాయంత్రమే బంగాళాదుంపల కాటా మీద తూచి ఉంచాడు.

"ఆ పక్క ఎవరూ కూర్చోరు కదా. ఇవెందుకు?"

"కూర్చోకపోతే పోనీ. ఒంటి బరువుకు అతికితే మళ్ళీ ఒరుగుతుంది."

"ఎవరి బరువు తూచావు?"

"ఒక మనిషి బరువు."

మళ్ళీ గుంతలోకి దిగి ముసుగు దించుకున్నాడు. ఇక్కడింత, అక్కడింత అతుకుతూ, ఒకేచోట వేడి పట్టకుండా కుడికీ ఎడమకూ జరుగుతూ పనిచేశాడు. అతని తల పైనే, రేకుకు అవతల, ఆమె పాదాలున్నాయి. మధ్యమధ్య ఆమె మడమ కదిలిన చప్పుడు వినిపించేది. ఇంత దగ్గరగా ఇంతసేపు వాళ్ళిద్దరే ఉన్నది ఇదే మొదటిసారని తోచింది. మాట్లాడితే ఆమెకు వినపడుతుంది. అతుకు మీద అతుకు వేసుకుంటూ పోయాడు. ఇంత అందంగా అతను ఏ పలకా వేసి ఉండడు. పని అయిపోవస్తోందని గుండె బరువెక్కుతున్నకొద్దీ చెయ్యి మరింత తిన్నగా సాగింది.

చల్లారాక జాకీ దించాడు. ఛాసీ కదల్లేదు. ట్యాంకు బిగించి, బస్తాలు దించడం మొదలుపెట్టాడు. గున్వోర్ అటుపక్క నుంచి వచ్చి ఒకటి ఎత్తబోయి, ఎత్తలేక వదిలేసింది. దించిన బస్తాల కుప్పనూ, అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎముకల గూడనుకున్నాను," అంది. "ఇంత బరువున్నావా నువ్వు!"

హోల్గెర్ చెవులు ఎర్రబడ్డాయి. బస్తా కిందపెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి బ్రేకుల గురించి చెప్పాడు. కొండ దిగేటప్పుడు గేరు తగ్గించమన్నాడు. బండి ఫిట్‌నెస్ పరీక్ష ఎల్లుండి లీసెషీల్‌లోనేనని, కాగితాలు అరలో ఉన్నాయని చెప్పాడు. ఆమె అన్నిటికీ తలూపింది.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. బండి వెనక్కి షెడ్డులోంచి బయటికి, వెలుతురులోకి వెళ్ళింది. తిన్నగా ఉంది. అటు ఎంతో ఇటూ అంతే. హోల్గెర్ దాన్ని గుర్తుపట్టలేకపోయాడు. ట్రైలర్ తగిలించి, తాళ్ళు లాగి చూసి, వెనక దీపాలు వెలుగుతున్నాయని చెయ్యెత్తి చెప్పాడు. సిక్స్టెన్ తన వాకిట్లోంచే టోపీ తీసి ఊపాడు.

గున్వోర్ అద్దం దించింది. "గురువారాలు ఏం తింటావు?"

"ఏదో ఒకటి."

"లీసెషీల్‌లో కూడా గురువారాలుంటాయి, హోల్గెర్."

అతని చెయ్యి కిటికీ అంచు మీద ఉంది. ఆమె దాని మీద తన చెయ్యి ఒక్క క్షణం ఉంచి, తీసి, గేరు వేసింది. బండి గేటు దాటి, చర్చి మలుపు దగ్గర ఏ పక్కకూ ఒరగకుండా తిరిగి, చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. ఇంజను చప్పుడు కొండ ఎక్కేదాకా వినిపించింది.

షెడ్డులోకి వచ్చాడు. గుంత మీద ఏమీ లేదు. గాలి పీల్చి చూశాడు. కాలిన ఉక్కు, గ్రీజు, అంతే. చేపల వాసన లేదు. చూపు తిప్పుకోవడానికి ఎడమ కిటికీ లేదు. అన్న పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. గుంత మెట్టు మీద కూర్చుని, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని, ఇద్దరి కోసమూ ఏడ్చాడు.

తర్వాత పనిముట్లు సర్దుదామని లేచాడు. బల్ల దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. గేటు దాకా పరుగెత్తబోయి, రెండడుగుల్లోనే నిలబడ్డాడు. మర్చిపోయింది, అనుకున్నాడు. మరుక్షణం అది నమ్మలేకపోయాడు. ఇన్నేళ్ళలో గున్వోర్ ఒక్క వస్తువు మర్చిపోవడం అతను చూడలేదు.

సుత్తుల మధ్య, వాళ్ళమ్మ ఎనామిల్ గిన్నె, మూత మీద కొత్తగా బిగించి కట్టిన గుడ్డ ముడితో, అక్కడే ఉంది.